ట్రైలర్‌కి మ్యూజిక్ ఎంచుకునే ముందు అది ఎక్కడ ఆగుతుందో చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను, నువ్వు పంపిన ట్రైలర్ కట్ నాలుగుసార్లు చూశాను. నువ్వడిగింది ఇదీ: రాజోలు దగ్గర గోదావరి లంకలో, సెల్‌ఫోన్‌తోనూ అద్దెకి తెచ్చిన కెమెరాతోనూ 38 నిమిషాల సినిమా తీశావు. రేవు వేలంపాటలో రేవు పోగొట్టుకున్న పడవాయన, ఆయన కూతురు, అదీ కథ. 3 నిమిషాల 10 సెకన్ల ట్రైలర్ కట్ చేసి, కింద ఒక పెద్ద హీరో సినిమా బీజీఎం (నేపథ్య సంగీతం) పరిచావు. యూట్యూబ్‌లో పెట్టిన పది నిమిషాలకే కాపీరైట్ క్లెయిమ్ పడింది. అది పీకేసి ఫ్రీ మ్యూజిక్ నాలుగైదు రకాలు వేసి చూశావు, ఏదీ అతకట్లేదు. ఏ మ్యూజిక్ వాడాలి, ఎలా ఎడిట్ చేయాలి అన్నావు.

నాది పాతికేళ్లకి పైగా ఇదే ఎడిటింగ్ పని. మొదట పాలకొల్లులో పెళ్లి కేసెట్లు, తర్వాత హైదరాబాద్‌లో సీరియళ్లు, ఇప్పుడు మళ్లీ ఊళ్లోనే కూర్చుని షార్ట్ ఫిల్ములూ, రొయ్యల మేత ప్రకటనలూ. కాబట్టి చెప్పేది పుస్తకంలోది కాదు, చెడగొట్టుకుని నేర్చుకున్నది.

క్లెయిమ్ పడకపోయినా ఆ బీజీఎం నీకు పనికిరాదు. మీ పడవాయన తాడు విప్పుతుంటే వెనక వంద గొంతుల కోరస్. ఇప్పుడు పడవలోంచి కత్తి తీస్తాడేమో అని చూశాను, తీయలేదు, బీడీ తీశాడు. ఆ సంగీతం ఆ హీరో నడక కోసం కట్టింది. విన్నవాడికి ఆ నడకే గుర్తొస్తుంది, నీ లంక కాదు. అయినా అది చిన్న తప్పే. అసలు తప్పేంటంటే మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా అది ఆగలేదు. ఫ్రీ మ్యూజిక్ వెతికినప్పుడు కూడా గ్రాండ్‌గా ఉందా లేదా అనే చూసి ఉంటావు. నేను మొదట చూసేది ఎక్కడ ఆగుతుంది అని. ఊపిరి తీసుకోకుండా మూడు నిమిషాలు వాయించే ముక్క ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తాను. దాన్ని ఎక్కడ కోసినా నరికినట్టే ఉంటుంది.

హక్కుల సంగతి తేల్చేసి ముందుకి పోదాం. మన కుర్రాళ్లలో దీని మీద ఉన్నన్ని పుకార్లు రొయ్యల రేటు మీద కూడా లేవు. పది సెకన్ల లోపు వాడితే పర్లేదంటారు. అలాంటి రూలు లేదు. పాట పిచ్, అంటే శ్రుతి, కొంచెం మారిస్తే యంత్రం పట్టుకోదంటారు; చాలాసార్లు పట్టుకుంటుంది, పట్టుకోకపోయినా తప్పు తప్పే. 'హక్కులన్నీ కంపెనీవే' అని కింద రాసుకుంటారు. అది తప్పు ఒప్పుకోవడం అవుతుంది గానీ అనుమతి అడిగినట్టు కాదు. నీకు పడింది క్లెయిమ్, స్ట్రైక్ కాదు, కంగారుపడకు. క్లెయిమ్ అంటే కంటెంట్ ఐడీ అనే యూట్యూబ్ యంత్రం పాటను గుర్తుపట్టిందని. వీడియో మీద వచ్చే డబ్బు హక్కుదారుకి పోతుంది, లేదా వీడియో ఆగుతుంది. తీసేయమని హక్కుదారు ఫిర్యాదు చేస్తే పడేది స్ట్రైక్. 90 రోజుల్లో అవి మూడు పడితే ఛానల్ పోతుంది.

పాత పాటలు వాడుకోవచ్చా అని కూడా అడిగావు. మన 1957 కాపీరైట్ చట్టంలో రికార్డింగ్ హక్కు వేరు, బాణీ హక్కు వేరు. రికార్డింగ్ మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. బాణీ, సాహిత్యం మీద హక్కు అవి కట్టినవాళ్లు పోయాక 60 ఏళ్లు. 1960లో వచ్చిన గ్రామఫోన్ రికార్డుకి రికార్డింగ్ హక్కు 2020తో తీరిపోయింది. కానీ బాణీ కట్టినాయన 1990లో పోయి ఉంటే బాణీ మీద హక్కు ఇంకా బతికే ఉంది. త్యాగరాజస్వామి 1847లో సమాధి అయ్యారు, ఆయన కృతి ఎవరైనా పాడుకోవచ్చు. అదే కృతిని మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు పాడిన క్యాసెట్ తెచ్చి ట్రైలర్ కింద వేస్తే మాత్రం ఆ రికార్డింగ్ కంపెనీది. మీ ఊళ్లో సంగీతం నేర్చుకున్న అమ్మాయి చేత పాడించుకో, పోయే.

ఫ్రీ మ్యూజిక్ అంటే ఉచితమనే అర్థం, షరతుల్లేవని కాదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో కొన్నింటికి పేరు వేయాలి, కొన్నింటికి అక్కర్లేదు, పక్కనే రాసి ఉంటుంది. క్రియేటివ్ కామన్స్ (కట్టినవాళ్లే ముందుగా అనుమతి ఇచ్చే లైసెన్సు) ముక్కల్లో 'నో డెరివేటివ్స్' (మార్చకూడదు) అని ఉన్నది ట్రైలర్‌కి తీసుకోకు. బొమ్మకి జత చేయడమే మార్పు చేయడం కింద లెక్క. 'నాన్ కమర్షియల్' అన్నది డబ్బులొచ్చే ఛానల్లో వద్దు. డౌన్‌లోడ్ చేసిన రోజే ఆ లైసెన్సు పేజీ స్క్రీన్‌షాట్ తీసి ప్రాజెక్ట్ ఫోల్డర్లో పడేయ్. ఏడాది తర్వాత ఎవడైనా అడిగితే అదే నీ రసీదు.

ఇక ఎంచుకోవడం. ముక్కని మొదట కళ్లు మూసుకుని విను, బొమ్మ లేకుండా. కాగితం మీద నాలుగు సంగతులు రాసుకో: ఎక్కడ మొదలైంది, ఎక్కడ కొత్త వాయిద్యం చేరింది, ఎక్కడ బరువు పెరిగింది, ఎక్కడ సద్దు తగ్గి గాలి ఆడింది. ఆ నాలుగోది కనీసం రెండు చోట్ల దొరికితేనే ముక్క నీకు పనికొస్తుంది. అవే అతుకులు వేసుకునే జాగాలు. తర్వాత ట్రైలర్ మ్యూట్ చేసి, అదే ముక్కని మూడు వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టి బొమ్మ చూడు. అనుకోకుండా ఒక చోట కూతురి చూపూ మ్యూజిక్‌లో మార్పూ కలుస్తాయి. అక్కడ మార్కర్ కొట్టేసుకో. అనుకుని కుదిర్చిన దానికంటే ఇలా పడ్డవే చాలాసార్లు బాగుంటాయి.

మాటలున్న పాట వద్దు. తెలుగు డైలాగు కింద తెలుగు పాట పెడితే చూసేవాడి చెవి రెండిట్నీ వినాలని చూసి రెండూ వదిలేస్తుంది. బాధ అనగానే శివరంజని రాగం ఫ్లూటు కూడా వద్దు. ఎన్నిసార్లు విన్నామంటే, అది వినగానే ఏడుపు రావడం మానేసి ఎవరో ఇప్పుడు ఏడవబోతున్నారని తెలిసిపోతుంది.

మన వాయిద్యాలు పెట్టాలని ఉందన్నావు. మంచిదే. కానీ వాటికి మన జనంలో ముందే అర్థాలున్నాయి, అవి చూసుకో. సన్నాయీ డోలూ వినగానే పెళ్లి. రేవు వేలం సీను కింద అది వేస్తే వెటకారం అవుతుంది, వెటకారమే కావాలంటే వెయ్యి. డప్పు ఇంకా ప్రమాదం. ఒక కుర్రాడు హీరో రాక కింద డప్పు వేశాడు, అదిరిపోయింది అనుకున్నాం అందరం. ఊళ్లో వేసి చూపిస్తే ముందు వరసలో కూర్చున్న ముసలావిడ పక్కావిణ్ణి అడిగింది, "ఎవరు పోయారే?" అని. జాతర దెబ్బ వేరు, శవం ముందు దెబ్బ వేరు. కుర్రాడు ఎక్కడో నెట్‌లో దొరికిన రికార్డింగ్ వాడాడు, అది చావు డప్పు. పట్నంలో ఎవరికీ తెలియకపోవచ్చు, లంకలో చంటిపిల్లాడికి కూడా తెలుసు. వాయించేవాళ్లని పిలిచి, సీను చెప్పి, వాళ్లనే అడుగు. వాళ్లకి డబ్బు ముందే చేతిలో పెట్టు, కాగితం మీద సంతకం తీసుకో, పేర్లు వెయ్యి. నాట్లేస్తూ పాడే ఉడుపు పాట ఎవరు కట్టిందో తెలియకపోవచ్చు, గొంతు మాత్రం పాడిన ఆవిడదే. ప్రదర్శన ఇచ్చినవాళ్లకి చట్టం 50 ఏళ్ల హక్కు ఇచ్చింది.

ఇప్పుడు నాకు నీ కట్‌లో బాగా నచ్చినదాని సంగతి. 52వ సెకను దగ్గర ఆ కోరస్ ఒక్క క్షణం తగ్గినప్పుడు తెడ్డు నీళ్లలో పడ్డ చప్పుడు వినిపించింది. అంత ఖరీదైన బీజీఎంలో నాకు గుర్తున్నది అదొక్కటే. వెనక్కి తిప్పి లెక్కపెట్టాను. ఆ షాట్‌లో ఐదు తెడ్లు, పది సెకన్లు. తెడ్డుకి 2 సెకన్లన్న మాట. 60 బీపీఎం (నిమిషానికి 60 బీట్లు) ముక్కలో రెండు బీట్లకి 2 సెకన్లు, 120లో నాలుగు బీట్లకి 2 సెకన్లు. అంటే మీ పడవాయన నీకు తాళం వేసి పెట్టాడు, నువ్వు దాన్ని మ్యూట్ చేశావు. ఆ తెడ్డు చప్పుడుతో ట్రైలర్ మొదలుపెట్టు. మొదటి 20 సెకన్లు మ్యూజిక్కే వద్దు. చీకటి తెర, తెడ్డు, నీరు, తాడు కిర్రుమనడం. తర్వాత వచ్చే ముక్క 60 దో 120 దో అయితే, మొదటి స్వరం సరిగ్గా తెడ్డు పడ్డప్పుడు పడితే, సంగీతం బయట నుంచి తెచ్చినట్టుండదు, పడవలోంచి లేచినట్టుంటుంది.

నీ దగ్గర తెడ్డు చప్పుడు బాగా రికార్డయి ఉండదని తెలుసు. మళ్లీ వెళ్లి చప్పుడొక్కటే రికార్డ్ చేసుకో, కెమెరా అక్కర్లేదు. ఫోన్ మైకుకి పల్చటి గుడ్డ చుట్టు, రేవులో గాలి గొంతు నొక్కేస్తుంది. పొద్దున్నే వెళ్లు, పంటు (జనాన్ని దాటించే పెద్ద పడవ) ఇంజను మొదలుకాక ముందు. తెడ్డు, తాడు అయ్యాక ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఊరకే రేవు చప్పుడు తీసుకో. అతుకుల కింద పరచడానికి దానంత పనికొచ్చేది లేదు. ఒకటి చూసుకో: నీ షాట్లలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి, వరదనీళ్లు. కింద కోకిల కూసిందంటే గోదావరి వాళ్లెవరూ నమ్మరు. కప్పలు కావాలి.

ఎడిటింగుకి వద్దాం. ముక్కని మొదటి నుంచి పరుచుకుంటూ పోయి, ట్రైలర్ అయిపోయేచోట ఫేడ్ అవుట్ చేశావు. అందరూ చేసే పొరపాటు. సంగీతం కట్టినవాడు దానికో ముగింపు కట్టాడు, దాన్ని పారేసి వాల్యూం తగ్గించుకుంటూ పోతే రేడియోలో టైం అయిపోయినట్టుంటుంది. తిరగెయ్. ముక్క ముగింపుని తీసుకెళ్లి ట్రైలర్ చివర టైటిల్ కింద ముందు అతికించు. మొదలుని మొదట్లో పెట్టు. ఇప్పుడు మధ్యలో ఎక్కువైంది ఎంతుందో తెలుస్తుంది, కోత అక్కడ. మూడున్నర నిమిషాల ముక్క నిమిషంలోకి రావాలంటే రెండు కోతలు చాలు, మూడు దాటితే ముక్క తప్పు ఎంచుకున్నావని.

కోత బీటు మీద వెయ్యకు, బీటుకి వెంట్రుకవాసి ముందు వెయ్యి. వేవ్‌ఫామ్ (చప్పుడు బొమ్మ) పెద్దది చేసి చూస్తే దెబ్బ పడేచోట కొండలా లేస్తుంది. ఆ కొండ మొదలయ్యే చోటికి కొంచెం ముందు నిశ్శబ్దపు గీత ఉంటుంది. అక్కడ కోసి, కొత్త భాగాన్ని కూడా దాని కొండకి ముందు నుంచే తెచ్చి కలిపి, రెండు మూడు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) పెట్టు. కొత్త దెబ్బ పాత అతుకుని కప్పేస్తుంది. అప్పటికీ తెలుస్తుంటే అతుకు మీద ఒక తెడ్డు చప్పుడు వెయ్యి. మ్యూజిక్ అతికిన చోటే బొమ్మ కూడా మారకుండా చూసుకో. రెండూ ఒకేచోట మారితే కన్ను చెవికి చెప్పేస్తుంది, ఇక్కడేదో జరిగిందని.

రెండు వేర్వేరు ముక్కలు కలపాలంటే శ్రుతి చూసుకో. ఫోన్‌లో శ్రుతి పెట్టె యాప్ వేసి రెండిటి ఆధార స్వరం పట్టుకో. ఒకటి రెండున్నర శ్రుతిలో, ఇంకోటి మూడు శ్రుతిలో ఉంటే పక్కపక్కన పెట్టకు. మధ్యలో ఒక సెకనైనా నది చప్పుడు వదులు, చెవి పాతది మర్చిపోతుంది.

ప్రతి బీటుకీ షాట్ మార్చడం మానెయ్. అది పెళ్లి హైలైట్స్ జబ్బు, నాకూ పదేళ్లుండేది. నాలుగో బీటుకి మారుతుందని చూసేవాడికి తెలిసిపోయాక బొమ్మ చూడడు, లెక్కపెడుతుంటాడు. రెండుసార్లు బీటు మీద మార్చు, మూడోసారి ఆలస్యం చెయ్యి. పైగా నీ టైమ్‌లైన్ సెకనుకి 25 ఫ్రేములు. 120 బీపీఎంలో బీటంటే పన్నెండున్నర ఫ్రేములు, అర ఫ్రేములో కట్ పడదు కదా. రెండు బీట్లకి మారిస్తే 25 సరిగ్గా వస్తుంది. కట్లు బీటు నుంచి పక్కకి జరిగిపోతున్నట్టున్నాయి అన్నావే, అందులో కొంత ఇదే. మిగతాది ఫోన్ షాట్ల వల్ల. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటు నిలకడగా తీయవు, చప్పుడూ బొమ్మా మెల్లగా విడిపోతాయి. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి నిలకడ ఫ్రేమ్ రేటుకి మార్చి తర్వాత టైమ్‌లైన్‌లోకి తెచ్చుకో. ఆడియో అంతా 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకో.

నిడివి 90 సెకన్లకి తగ్గించు. 3 నిమిషాల 10 సెకన్లలో కథంతా చెప్పేశావు, కూతురు ఊరు వదిలి వెళ్లడం కూడా చూపించేశావు. ఇంక 38 నిమిషాలు ఎవరు చూస్తారు?

ఇప్పుడు ఆగడం గురించి, దీనికోసమే ఇంత రాశాను. నీ సినిమాలో వేలం సీనుంది. పంచాయతీ దగ్గర జనం, బల్ల వెనక ఒకాయన, "ఒకటోసారి... రెండోసారి... మూడోసారి" అని కొట్టేయడం. ట్రైలర్లో ఆ మూడు మాటలూ వరసగా వేసి కింద మ్యూజిక్ అదరగొట్టావు. ఇలా చేసి చూడు. ముక్క మెల్లగా పెరుగుతూ ఉంటుంది, జనం మొహాలు, పడవాయన వేళ్లు తువ్వాలు అంచు నలపడం. "ఒకటోసారి" దగ్గర మ్యూజిక్ ఒక మెట్టు ఎక్కుతుంది. "రెండోసారి" దగ్గర ఇంకో మెట్టు. ఆ మాట పూర్తయిన చోట మ్యూజిక్ కోసెయ్. ఫేడ్ కాదు, కోత. ఆ స్వరం తాలూకు మోగుడు మాత్రం ఒక సెకను వదులు, గదిలో గంట కొట్టి చేత్తో పట్టుకోకుండా వదిలేసినట్టు. తర్వాత రెండు సెకన్లు ఏమీ లేదు. నది చప్పుడు కూడా తగ్గించు. పడవాయన మొహం. "మూడోసారి" వినిపించకు. ఒక్క తెడ్డు నీళ్లలో పడ్డ చప్పుడు, నల్లతెర, టైటిల్, దాని కింద ముక్క ముగింపు స్వరాలు. వేలం పాట తెలిసినవాడు ఆ మూడో మాట తన నోట్లోనే అనుకుంటాడు.

ఆ రెండు సెకన్లు ఎడిట్ టేబుల్ దగ్గర నీకు భయం వేస్తుంది, ఖాళీగా ఉందనిపించి ఏదో హోరు తెచ్చి నింపుతావు. నింపకు. ముక్క ఎంచుకునేటప్పుడు ఎక్కడ ఆగుతుందో చూడమన్నది ఈ క్షణం కోసమే. రెండు మెట్లెక్కి, గట్టిగా ఒక స్వరం కొట్టి గాలి వదిలే చోటు ఉన్న ముక్క కావాలి నీకు. అది దొరికితే వీణ అయినా గిటార్ అయినా ఒకటే.

డైలాగుల కింద మ్యూజిక్ 8 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించు, మాట మొదలవడానికి అర సెకను ముందు నుంచే దిగడం మొదలవాలి. ఆటోమేటిక్ డకింగ్ (మాట వచ్చినప్పుడల్లా మ్యూజిక్ తనంతట తగ్గడం) వాడితే ప్రతి పదం మధ్య మ్యూజిక్ గుటకలేస్తుంది, చేత్తో కీఫ్రేములు (వాల్యూం మారే గుర్తులు) పెట్టుకో. అయినా మాట తెలియకపోతే మ్యూజిక్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ కోయి. మాటలో హల్లులు తేటగా తెలిసేది ఎక్కువగా అక్కడే. మొత్తం గట్టిగా పెట్టేస్తే యూట్యూబ్‌లో అదిరిపోతుందనుకోకు. సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి తెలిసే గట్టిదనానికి కొలత) దాటితే అదే తగ్గించేస్తుంది, నీ నిశ్శబ్దానికీ గట్టిదనానికీ మధ్య తేడా ఒక్కటే పోతుంది.

ఎక్స్‌పోర్ట్ చేశాక మోనోలో (కుడీ ఎడమా కలిపి ఒకటే చేసి) ఒకసారి విను. ఇది నాకు సిగ్గుపోయి వచ్చిన చదువు. ఒక ఫంక్షన్ హాల్లో మా ట్రైలర్ వేశారు. హెడ్‌ఫోన్‌లో వెడల్పుగా, కమ్మగా ఉంటుందని వయొలిన్ల పొరకి స్టీరియో వైడెనర్ వేసి ఉంచాను. హాల్లో పెద్ద బాక్సులు రెండున్నా లైను మోనోది. కుడీ ఎడమా కలిసేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుని వయొలిన్లు మాయం, డ్రమ్ము ఒక్కటే డబడబ. నిర్మాత నా వైపు చూస్తున్నాడు, నేను బాక్సుల వైపు చూస్తున్నాను. మీ ఊళ్లో గుడి దగ్గర తెర కట్టి చూపిస్తానన్నావు కదా, అక్కడా మైకు సెట్టు లైను దాదాపు మోనోయే ఉంటుంది. సెల్‌ఫోన్ స్పీకర్లోనూ ఒకసారి విను, తెడ్డు చప్పుడు అందులో తెలియకపోతే 200 హెర్ట్జ్ దగ్గర కొంచెం పెంచడం కంటే పైన 3 కిలోహెర్ట్జ్ దగ్గర పెంచు, నీళ్ల చిందుడు అక్కడుంది.

రెండో కట్ అయ్యాక రెండు ఫైళ్లు పంపు. ఒకటి మామూలుది, ఇంకోటి మ్యూజిక్ ట్రాక్ మ్యూట్ చేసింది. నేను ముందు రెండోది చూస్తాను.